ఇరవై అడుగుల వీధి, నాలుగు కార్లు: ఒంగోలులో ఒక పార్కింగ్ తగాదాపై కేస్ స్టడీ

ఈ వివాదం నా దగ్గరికి వచ్చేనాటికే దాని పేరిట మూడు కాగితాలు పుట్టి ఉన్నాయి. ఒకటి పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన పిటిషన్, రెండోది దానికి పోటీగా అవతలి వారు ఇచ్చిన పిటిషన్, మూడోది అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ. మూడింటిలోనూ కలిపి "మా ఇంటి ముందు" అన్న మాట పదకొండు సార్లు కనిపించింది గాని, ఆ వీధి వెడల్పు ఎంత అన్నది ఒక్కచోటా లేదు. మొదటి విడత కూర్చోబెట్టినప్పుడు నేను కూడా ఆ సంగతి అడగలేదు. ఆ పొరపాటు ఖరీదు ఎంతో ముందు ముందు చెబుతాను.

నేను ఒంగోలులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. నలభై గంటల మధ్యవర్తిత్వ శిక్షణ పూర్తిచేసిన తర్వాత, ఇంకా కోర్టు గడప తొక్కని ప్రీ లిటిగేషన్ తగాదాలను కూడా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా చూస్తూ వస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది సంబంధిత ముగ్గురి అనుమతితోనే. వాళ్ళెవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని ఆనవాళ్ళు మార్చాను. కొలతలు మాత్రం మార్చలేదు.

వీధి కర్నూలు రోడ్డుకు దగ్గరలోని ఒక పాత లేఅవుట్‌లో ఉంది. ఒక్కో వైపు ఎనిమిదేసి ఇళ్ళు, చివర ప్రహరీ గోడ అడ్డం. లోపలికి వెళ్ళిన లారీ తిరిగి బయటికి రావాలంటే రివర్సులో రావలసిందే, లేదా ముందే రివర్సులో లోపలికి వెళ్ళాలి. తూర్పు వైపు నాలుగో ఇల్లు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారిది. ఇక మీదట మాస్టారు అనే రాస్తాను. ఆయనకు ఉన్నది ఒక స్కూటరు మాత్రమే. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు నెలకు రెండు సార్లు కారులో వస్తాడు. ఆయనకు ఎదురుగా, పడమర వైపున, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో ఉన్న ఒకాయన మేడ కట్టుకున్నారు. కింద స్టిల్టు, అంటే స్తంభాల మధ్య పార్కింగుకు వదిలే భాగం, దాని మీద మూడు అంతస్తులు. పై అంతస్తులో తాము, మిగతా రెండింటిలో అద్దెకున్నవాళ్ళు. మేడ యజమానికి ఒక కారు, మధ్య అంతస్తులోని బ్యాంకు ఉద్యోగికి ఒక కారు, మొదటి అంతస్తులో ఉన్న అబ్బాయికి క్యాబ్‌గా తిప్పే కారు ఒకటి. మాస్టారి కొడుకుది కూడా కలుపుకుంటే నాలుగు. మూడేళ్ళ కింద ఈ నాలుగింటిలో ఒక్కటే ఉండేది.

ఒంగోలు వేసవి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చే నీటితో నింపుకునే వేసవి చెరువుల మీద ఆధారపడి బతికే ఊరు ఇది. ఎండలు ముదిరి కుళాయి నీళ్ళు వచ్చే రోజుల మధ్య ఎడం పెరిగేకొద్దీ వీధుల్లో ట్యాంకరు రాక ఒక పండుగలా మారుతుంది. సంపు అడుగంటిన ఇంట్లో ఆ ఉదయం ట్యాంకరు వెనక్కి మళ్ళిపోయిందంటే ఎంత కోపం వస్తుందో, ఆ కోపం ఎవరి మీద దేని మీద పడుతుందో బయటివారు ఊహించలేరు. పార్కింగ్ తగాదాలు ఏడాది పొడుగునా ఉంటాయి గాని, నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లోనే ఎందుకు వస్తాయన్నది నాకు ఈ కేసుతోనే పూర్తిగా అర్థమైంది.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాక గడిచిన మొదటి వేసవి అది. ఒక రాత్రి క్యాబ్ డ్రైవరు విజయవాడ ట్రిప్పు ముగించుకుని రెండు గంటలకు ఇల్లు చేరాడు. మేడ పక్కన ఎక్కడా ఖాళీ లేదు. ఖాళీగా కనిపించింది మాస్టారి గేటు ముందు జాగా ఒక్కటే. అక్కడ సిమెంటు దిమ్మెలు రెండు ఉంటే వాటిని పక్కకు జరిపి కారు పెట్టి, ఫోను సైలెంటులో ఉంచి నిద్రపోయాడు. ఉదయం ఆరు దాటాక ట్యాంకరు రివర్సులో వచ్చి మూడో ఇంటి దగ్గర ఆగిపోయింది. హారన్ కొట్టారు, మేడ తలుపు బాదారు, యజమాని దిగివచ్చి "ఆ బండి నాది కాదు" అన్నారు. పావుగంట చూసి ట్యాంకరు డ్రైవరు వెళ్ళిపోయాడు. ఆయనకు ఇంకా తిరగవలసిన వీధులు ఉన్నాయి. క్యాబ్ అబ్బాయి ఎనిమిదింటికి కిందికి వచ్చేసరికి కుడి అద్దం విరిగి వేలాడుతోంది, ముందు చక్రంలో గాలి లేదు. మాస్టారు తన వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

అద్దం ఎవరు విరగ్గొట్టారో, గాలి ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు కూడా. అది తేల్చడం కోర్టు పని. మధ్యవర్తి ఆ దారిన వెళ్ళాడంటే ఆ రోజుతో అతని మీద ఒక పక్షానికి నమ్మకం పోతుంది.

ఆ ఉదయం వీధిలో నడిచిన మాటలన్నీ రాయనవసరం లేదు. "ఏంది మాస్టారూ, రోడ్డేమన్నా మీ తాతదా?" అని మేడ యజమాని అనడం, "పిల్లలకు చదువు చెప్పిన నోటితో నిన్ను ఏమనాలో తెలియడం లేదయ్యా" అని మాస్టారు అనడం దాకా అది మాటల్లోనే ఉంది. మధ్యాహ్నానికి మేడ యజమాని స్టేషన్‌కు వెళ్ళి, తన ఇంట్లో అద్దెకున్నవారి వాహనాన్ని ధ్వంసం చేశారని పిటిషన్ ఇచ్చారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కారు అసలు యజమాని అయిన క్యాబ్ డ్రైవరు ఆ పిటిషన్ మీద సంతకం పెట్టలేదు. అతణ్ణి పెట్టమని ఎవరూ అడగలేదు. "నా ఇంట్లో ఉన్నవాడి బండి మీద చెయ్యి వేస్తే నా మీద వేసినట్టే" అన్నది మేడ యజమాని వాదం. మరునాడు మాస్టారు, దౌర్జన్యంగా గేటుకు అడ్డం పెట్టి నిర్బంధించారని మరో పిటిషన్ ఇచ్చారు. ఇద్దరినీ స్టేషన్‌కు పిలిపించారు. మళ్ళీ గొడవ పడితే బైండోవర్ చేయిస్తామని, అంటే శాంతి కాపాడతామని బాండు రాయిస్తామని, చెప్పి పంపారు. ఆ మాట డెబ్బయ్యో ఏట విన్న మాస్టారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని తర్వాత ఆయన భార్య చెప్పారు.

చట్టం ఎవరి పక్షాన ఉందని ఇద్దరూ నన్ను విడివిడిగా అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రజా వీధి నగరపాలక సంస్థకు దఖలుపడి ఉంటుంది. ప్రహరీ గోడకు ఆనుకుని ఉన్నంత మాత్రాన ఆ ముందున్న రోడ్డు ఇంటివారిది కాదు. కనుక గోడ ముందు ఎవరో కారు పెట్టారని అభ్యంతరం చెప్పడానికి మాస్టారికి సొంతదారు హక్కేమీ లేదు. కాని గేటు సంగతి వేరు. రోడ్డును ఆనుకుని ఉన్న ఇంటివారికి తమ ఇంట్లోంచి రోడ్డు మీదికి రాకపోకల హక్కు ఉంటుంది. అది అందరితోపాటు రోడ్డు మీద నడిచే హక్కు కంటే వేరైన, వారికి సొంతమైన హక్కు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు కూడా ఒక ఆస్తి లోపలికి, బయటికి పోయే దారికి ఎదుట బండి నిలపరాదని చెబుతున్నాయి. నిలపకూడని చోట నిలిపిన బండినే కాదు, బహిరంగ స్థలంలో పది గంటలు, ఆ పైన పట్టించుకోకుండా వదిలేసిన బండిని కూడా తీయించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ఈ పది గంటల సంగతి తెలిస్తే మన కాలనీల్లో కవరు కప్పి నెలల తరబడి వీధిలో నిలిపిన కార్ల యజమానులు ఉలిక్కిపడతారు.

మాస్టారు పెట్టిన సిమెంటు దిమ్మెల మాటేమిటి? భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రజా మార్గానికి అడ్డంకి కలిగించడాన్ని నేరంగా చెప్పి ఐదు వేల రూపాయల వరకు జరిమానా పెట్టింది. అడ్డం పెట్టింది కారా, దిమ్మా అన్న తేడా ఆ సెక్షన్‌కు లేదు. అద్దం విరగడం చిన్న నష్టం కేసు. అలాంటి నాన్ కాగ్నిజబుల్ కేసులో మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. బైండోవర్ అన్నది నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు జరిగే వ్యవహారం; శాంతి కాపాడతానని గరిష్ఠంగా ఒక ఏడాదికి బాండు రాయించుకుంటారు. ఆ ఏడాదిలో కారు ఎక్కడ పెట్టాలో అది చెప్పదు. ఫలానా పని చేయరాదని కోర్టు ఉత్తర్వు కోరే ఇంజంక్షన్ దావా వేయవచ్చు, వేస్తే కొన్నేళ్ళు నడుస్తుంది, పైగా ఇంజంక్షన్ అడిగేవాడి చేతులు శుభ్రంగా ఉండాలి. ఇవన్నీ విన్నాక మేడ యజమాని, "అయితే ఇద్దరం తప్పే అంటారు" అన్నారు. నేను కాదనలేదు.

మొదటి సమావేశం నా ఆఫీసులోనే జరిగింది. వచ్చింది ఇద్దరే: మాస్టారు, మేడ యజమాని. ఇద్దరూ పెద్దమనుషులే, నాలుగేళ్ళ కింద ఒకరి ఇంటి శుభకార్యానికి మరొకరు వెళ్ళినవారే. గంటన్నరలో మెత్తబడ్డారు. ఒకరి గేటు ముందు మరొకరు వాహనం నిలపరాదనీ, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళల్లో సర్దుకుపోవాలనీ, ఇద్దరూ పిటిషన్లు వాపసు తీసుకోవాలనీ మూడు వాక్యాలు రాసి సంతకాలు చేయించాను. కాఫీలు తాగాం. ఆ రోజు నా పనితనం మీద నాకు కొంత మురిపెం కలిగిన మాట దాచను.

పంతొమ్మిదో రోజు ఉదయం ఆరున్నరకు ఫోను మోగింది. ట్యాంకరు మళ్ళీ వెనక్కి పోయింది. నేను వెళ్ళేసరికి వీధంతా బయటే ఉంది. క్యాబ్ కారు ఈసారి మాస్టారి గేటు ముందు లేదు. దానికి సరిగ్గా ఎదురుగా, మేడ వైపు పూలమడి పక్కన ఉంది. మేడ యజమాని నా చేతిలో ఒప్పందం జిరాక్సు పెట్టి, "చదవండి సార్, గేటు ముందు పెట్టకూడదన్నారు, పెట్టలేదు" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. క్యాబ్ అబ్బాయి మెట్ల మీద నిలబడి, "అసలు ఒప్పందం ఒకటి రాసుకున్నారని నాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు. అదీ నిజమే.

నా తప్పు రెండు రకాలుగా బయటపడింది. మొదటిది, స్టీరింగు తిప్పేవాణ్ణి వదిలేసి ఇంటి యజమానితో ఒప్పందం రాయించడం. మన పంచాయితీలకు ఇది పాత జబ్బే. వీధి తగాదా అనగానే సొంత ఇంటివారిని పిలుస్తాం, అద్దెకున్నవాణ్ణి రేపో మాపో ఖాళీ చేసి పోయేవాడిగా లెక్కగట్టి గుమ్మం బయటే ఉంచుతాం. కాని వీధిలో బండి అతనిది, అర్ధరాత్రి వచ్చేది అతను, చోటు దొరకనిది అతనికి. రెండోది, వీధిని చూడకుండా వీధి గురించి రాయడం. "గేటు ముందు" అంటే ఎంత దూరం? ఎదురుగా పెట్టినా గేటుకు అడ్డమే అవుతుందా? ఇది మాటలతో తేలేది కాదు. ఇంజంక్షన్ దావా నడిచి ఉంటే కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ మొట్టమొదట చేసే పని కొలతలు తీసుకోవడం. ఆ పని నేను ఆఖరున చేశాను.

ఆ ఆదివారం వంద అడుగుల టేపు తీసుకుని వెళ్ళాను. టేపు ఒక కొస మాస్టారి చేత, మరో కొస మేడ యజమాని చేత పట్టించాను. కొలత చదివింది వీధి చివర ఉండే ఇంటర్ చదివే అమ్మాయి. నేను చదివితే నేనేదో ఒకవైపు లాగానన్న మాట వస్తుంది. గోడ నుంచి గోడకు ఇరవై అడుగులు, లేఅవుట్ కాగితంలో ఉన్నట్టే. అందులో రెండు వైపులా మురుగు కాలువలు ఒక్కొక్కటి అడుగున్నర. మిగిలింది పదిహేడు. ఇంతవరకు ఎవరికీ అనుమానం లేదు. తర్వాత మాస్టారి గేటు దగ్గర టేపు పెట్టాం. రోడ్డు మీద రోడ్డు పోసి ఎత్తు పెరిగాక వాననీళ్ళు లోపలికి వస్తున్నాయని ఆయన గేటు లెవెలు పెంచి, ఆ ఎత్తుకు సరిపడేలా ర్యాంపు పోయించుకున్నారు. అది కాలువ దాటి మూడు అడుగులు రోడ్డు మీదికి వచ్చింది. ఎదురుగా మేడ వారి మెట్లు రెండు, వాటి పక్కన ఇనుప ఊచలు బిగించిన పూలమడి, కాలువ దాటి రెండున్నర అడుగులు. "కరెంటు స్తంభం ఎలాగూ అడ్డమే కదా అని దాని చుట్టూ మడి కట్టించాం" అని ఇంటి ఆవిడ చెప్పారు. పదిహేడులోంచి ఐదున్నర తీసేస్తే పదకొండున్నర.

కారు అద్దాలతో కలుపుకుని ఆరు అడుగుల వెడల్పు అనుకోండి. పూలమడి పక్కన కారు నిలిపితే మాస్టారి ర్యాంపు అంచు వరకు మిగిలేది ఐదున్నర అడుగులు. లారీ ట్యాంకరుకు ఎనిమిది అడుగులు కావాలి. అదే ర్యాంపు, మడి లేకుండా ఉంటే, కారు పోగా పదకొండు అడుగులు మిగులుతాయి. ట్యాంకరు మూడు అడుగుల వెసులుబాటుతో రివర్సులో పోతుంది. ఈ లెక్క ఆ అమ్మాయి నోటుబుక్కులో వేసి చూపించింది. మూడేళ్ళుగా రోడ్డు మింగేస్తున్నారని ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరూ ఆ కాగితం చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ట్యాంకరుకు అడ్డం నిలిచింది కారొక్కటే కాదు. ఐదున్నర అడుగుల సిమెంటు కారుకంటే ముందు నుంచీ అక్కడ ఉంది. కారును పొద్దున్నే తీయవచ్చు, సిమెంటు తీయలేం కనుక మన కళ్ళకు అది ఎప్పుడూ కనిపించదు.

తర్వాత ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాను. మేడ యజమాని తన సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీలు, సక్రమంగా ఉన్నాయని చూపడానికి మంజూరైన ప్లాన్ తానే తెచ్చారు. అందులో కింది భాగమంతా పార్కింగు, మూడు కార్లకు చోటు. నేను వెళ్ళిన రోజు అక్కడ చూసింది గోడ కట్టి షట్టరు బిగించిన గోడౌను. ఒక స్టేషనరీ వ్యాపారి నోటుబుక్కుల స్టాకు పెట్టుకుని నెలకు ఆరు వేలు ఇస్తున్నాడు. "ఈ షట్టరు ప్లాన్‌లో ఎక్కడుంది?" అని మాత్రం అడిగాను. ఈ సంగతి అవతలి పక్షానికి నా నోట రాదని కూడా చెప్పాను. విడి సమావేశంలో తెలిసినదాన్ని బెదిరింపుగా వాడుకునే మధ్యవర్తి తర్వాతి కేసులో ఎవరి గుట్టూ వినలేడు. ఆయన ప్లాన్ మడిచి లోపల పెట్టుకుని, రెండు రోజులు గడువు అడిగారు.

మాస్టారి దగ్గర తెలిసింది మరొకటి. దిమ్మెలు పెట్టింది ట్యాంకరు కోసం కాదు. కొడుకు వచ్చిన రోజున వీధిలో కారుకు చోటు లేక, రెండు వీధుల అవతల పెట్టి, దాని మీద గీతలు పడతాయన్న బెంగతో సాయంత్రానికే తిరుగు ప్రయాణం కట్టేవాడు. గోడ ముందు చోటు ఖాళీగా ఉంచితే రాత్రి ఉంటాడన్నది ఆయన ఆశ. ఈ ముక్క పిటిషన్‌లో రాయలేరు, స్టేషన్‌లో చెప్పలేరు. ఇక్కడ రాయడానికి ఆయనే ఒప్పుకున్నారు. ఆయన ఆవరణలో చూస్తే ఒక మూల తుక్కు స్కూటరు, కొబ్బరి మట్టలు, పాత తలుపులు పేరుకుని ఉన్నాయి. అవి తీస్తే ఒక కారు నిక్షేపంగా పడుతుంది. కాని ఎదురుగా బండి ఉంటే ఆ ఇరుకులో కారు గేట్లోకి తిరగదు, అందుకే ఆ ఆలోచనే మానుకున్నారట.

ఎంత ఖాళీ ఉంటే తిరుగుతుందో లెక్కల్లో తేల్చడం కంటే తిప్పి చూడడం మేలనిపించింది. మరుసటి శనివారం కొడుకు వచ్చాక, ఎదురుగా సుద్దముక్కతో గీతలు గీసి, క్యాబ్ అబ్బాయి చేతే కారు తిప్పించాం. ఆ వీధిలో అతనికంటే బాగా బండి నడిపేవాళ్ళు లేరని అందరూ ఒప్పుకున్న సంగతి అది. గేటు వెడల్పు పది అడుగులు. ఎదురుగా అంతే ఖాళీ ఉంచితే నాలుగు సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చింది. గేటుకు అటు ఇటు నాలుగేసి అడుగులు కలిపి పద్దెనిమిది అడుగులు వదిలితే ఒక్క రివర్సుతో లోపలికి పోయింది. అప్పటినుంచి "గేటు ముందు" అన్న మాటకు ఆ వీధిలో అర్థం పద్దెనిమిది అడుగులు.

రెండో సమావేశం మేడ వారి స్టిల్టులోనే జరిగింది. ఈసారి మొత్తం తొమ్మిదిమంది: ఇద్దరు యజమానులు, వారి భార్యలు, బ్యాంకు ఉద్యోగి, క్యాబ్ డ్రైవరు, మాస్టారి కొడుకు, పక్క రెండిళ్ళవారు. ట్యాంకరు ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తుందన్న సంగతి అక్కడి మగవాళ్ళలో ఒక్కరికీ సరిగా తెలియదని ఆ రోజు తేలింది. ఇద్దరు ఇల్లాళ్ళు మాత్రం వేళలు నిమిషాలతో సహా చెప్పారు. ఇంత గొడవ నడిచినా వాళ్ళిద్దరి మధ్య మాటలు ఆగలేదు, కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడమూ ఆగలేదు. స్టేషన్‌కు గాని, నా ఆఫీసుకు గాని వాళ్ళను ఎవరూ పిలవలేదంతే. గోడౌను ఖాళీ చేయిస్తానని మేడ యజమాని తనంతట తానే అన్నారు. నేను ఆయన ముఖం చూడలేదు.

షరతులు రాయడానికి రెండు రోజులు పట్టింది. ర్యాంపును, మెట్లనూ పూలమడినీ ఎవరి ఖర్చుతో వారు నలభై ఐదు రోజుల్లో కాలువ అంచు వరకు కొట్టించుకోవాలి. ర్యాంపు వాలును గేటు లోపలి వైపుకు మార్చుకోవాలి. గోడౌను మూడు నెలల్లో ఖాళీ కావాలి. అందులో గేటుకు దగ్గరి చోటు అందరికంటే ఆలస్యంగా ఇల్లు చేరే క్యాబ్‌కు ఇవ్వాలి, ఆ చోటు మిగతావారు ఎంత ఖాళీగా కనిపించినా ముట్టకూడదు. అప్పటివరకు పడమర వైపు, అంటే స్తంభాలున్న వైపే, కార్లు పెట్టాలి. స్తంభాలు ఎలాగూ అడుగు మేర తింటున్నాయి గనుక రెండో వైపును కూడా ఇరుకు చేయడంలో అర్థం లేదు. ట్యాంకరు రోజుల్లో ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు ఆ వైపు కూడా ఖాళీ. ఆ వేళకు నిద్రలో ఉండేవారు తాళంచెవి ఇంటి యజమానురాలి దగ్గర ఇచ్చి పడుకోవాలి. అద్దానికీ, పోయిన ట్రిప్పుకూ కలిపి క్యాబ్ అబ్బాయి అడిగిన నాలుగు వేల ఐదు వందలు ఇద్దరూ చెరి సగం ఇవ్వాలి. ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఒక వాక్యం రాయకపోయి ఉంటే మాస్టారు సంతకం పెట్టేవారు కాదు.

ఈ వృత్తిలో ఉన్నవారి కోసం రాతకోతల్లోని ఒక ఇబ్బంది ప్రత్యేకంగా చెప్పాలి. వీధి ఈ తొమ్మిదిమందిదీ కాదు. ప్రజల ఆస్తిని పంచుకుంటూ ఇద్దరు రాసుకున్న కాగితం చెల్లదు. లోక్ అదాలత్ బెంచి దాన్ని ఆమోదించదు, ఆమోదించకూడదు. అందుకని "ఫలానా చోటు ఫలానావారిది" అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. ఎవరెవరు ఎక్కడ బండి పెట్టబోమో చెప్పుకునే హామీలుగానే షరతులన్నీ రాశాను. ఈ ఒప్పందం వల్ల వీధిపై ఎవరికీ ఏ హక్కూ రాదనీ, బయటివారిని ఇది కట్టిపడేయదనీ, నగరపాలక సంస్థ గాని ట్రాఫిక్ పోలీసులు గాని వేరే ఏర్పాటు చేస్తే అదే చెల్లుతుందనీ మొదటి పేరాలోనే పెట్టాను. రోడ్డు మీద పసుపు గీతలు గీసుకుంటామని కుర్రవాళ్ళు ముచ్చటపడ్డారు. రోడ్డు మీద గుర్తులు వేసే అధికారం మనకు లేదని చెప్పి, ఎవరి ప్రహరీ గోడ మీద వారు పద్దెనిమిది అడుగుల రెండు కొసలనూ గుర్తుపెట్టుకునేలా ఒప్పించాను. "సర్దుకుపోవాలి" అన్న మాట ఈసారి రాయలేదు. అమలు చేయమని కోర్టును అడగలేని మాటకు డిక్రీలో చోటు లేదు.

తర్వాత వచ్చిన లోక్ అదాలత్‌లో దీన్ని ప్రీ లిటిగేషన్ కేసుగా బెంచి ముందు పెట్టాం. బెంచిలో నేను లేను. మధ్యవర్తిగా గుట్లు విన్నవాడు అవార్డు, అంటే లోక్ అదాలత్ తీర్పు, ఇచ్చే కుర్చీలో ఉండకూడదు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఎవరికీ ఒక్క రూపాయి కోర్టు ఫీజు పడలేదు. రెండు పిటిషన్ల విషయంలోనూ ఇరుపక్షాలూ స్టేషన్‌కు వెళ్ళి ముందుకు సాగించబోమని రాసి ఇచ్చారు.

అమలులో చిక్కు మొదటి వారంలోనే వచ్చింది. ముందు ఆయన మడి తీస్తే నేను ర్యాంపు తీస్తానని మాస్టారు, ముందు ఆయన ర్యాంపు తీస్తే నేను మెట్లు తీస్తానని మేడ యజమాని, ముప్పై రోజులు గడిపారు. ఎవరు ముందన్నది ఒప్పందంలో రాయకపోవడం నా లోపమే. చివరికి ఒకే తాపీ మేస్త్రిని మాట్లాడి, ఒకే రోజు, ఒకే కూలీల చేత, ఉదయం తొమ్మిదింటికి రెండు వైపులా ఒకేసారి గునపం వేయించాం. మేస్త్రి నవ్వుకున్నాడు గాని, మధ్యాహ్నం మూడింటికి రెండూ నేలమట్టమయ్యాయి. మట్టి తోలిన ట్రాక్టరు బాడుగ కూడా చెరి సగం వేసుకున్నారు. ఆ రోజు నుంచి, రెండు వైపుల వారూ ఒకేసారి చేయవలసిన పని ఏదైనా ఉంటే, తేదీ, వేళ, మేస్త్రి కూలి ఎవరిస్తారన్నది కూడా ఒప్పందంలోనే రాస్తున్నాను.

గోడౌను ఖాళీ కావడానికి మూడు నెలలు కాదు, నాలుగున్నర నెలలు పట్టింది. బడులు తెరిచే కాలంలో స్టాకు కదల్చలేనని స్టేషనరీ వ్యాపారి మొండికేశాడు. అవార్డు ఉంది గనుక అమలు పిటిషన్ వేయవచ్చునని మాస్టారికి చెప్పాను. ఆయన వేయలేదు. ఆ ఆరు వేల అద్దె పోతున్నందుకు మేడ యజమాని మీద ఆయనకు కాస్త జాలి కలిగినట్టుంది. అది నా ఊహే.

ఆరు నెలలు గడిచాక ఒక ఉదయం ఏడింటికి ఆ వీధికి వెళ్ళి చూశాను. మాస్టారి ఆవరణలో తుక్కు స్కూటరు లేదు, కొడుకు కారు ఉంది. క్యాబ్ స్టిల్టులో ఉంది. గోడల మీద పసుపు గుర్తులు ఎండకు కొంచెం వెలిసి ఉన్నాయి. వీధి మొదట్లో, ఒప్పందంలో పక్షం కాని మూల ఇంటివారి కారు ఒకటి, బూడిదరంగు కవరు కప్పుకుని, తూర్పు వైపున ఎప్పటినుంచో నిలబడి ఉంది. దాని చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. ట్యాంకరు దాన్ని తప్పించుకుని రెండు సార్లు ఆగి, మూడోసారి లోపలికి వచ్చింది. మేడ యజమాని, మాస్టారు ఇద్దరూ కలిసి ఆ ఇంటివారి దగ్గరికి రెండు సార్లు వెళ్ళి అడిగారట. "మీ ఇద్దరి కాగితంతో మాకేం పని?" అన్నారట వాళ్ళు. ఆ ఇంటివారు ఇంతవరకు నా దగ్గరికి రాలేదు.